పోయినట్టే లెక్క

మా అత్త సెల్లమ్మాళ్‌కు కోపం వస్తే ఆ గొంతు కంబైనల్లూరు బస్టాండు దాకా వినిపిస్తుంది. సంతోషం వచ్చినా అంతే. రెండింటికీ గొంతులో తేడా ఉండదు కాబట్టి వీధిలో వాళ్ళు ముందు నా ముఖం చూస్తారు. నేను నవ్వుతుంటే సంతోషం, తల బాదుకుంటుంటే కోపం. ఆ శుక్రవారం సాయంత్రం ఆమె అరిచిన అరుపుకు నలుగురు పరుగెత్తుకొచ్చారు. నేను తల బాదుకుంటూ నవ్వుతున్నాను. పాపం, వాళ్ళకేమీ అర్థం కాలేదు.

"కడలుకు పోతాండామే!" అని చేతులూపింది అత్త. "ఆదివారం! వ్యాను పెట్టుకోని! మా పాప పిలిచింది!"

పాప అంటే నా కూతురు సత్య. కేటరింగ్ చదివింది. చెన్నై నుంచి పాండిచ్చేరి పోయే సముద్రం రోడ్డు మీద డబ్బున్నవాళ్ళు కట్టుకున్న విల్లాల కాలనీ ఒకటుంది. సొంత ఇళ్ళవాళ్ళూ ఉంటారు, అద్దెకు వచ్చి రెండ్రోజులుండి పోయేవాళ్ళూ ఉంటారు. సముద్రం వాళ్ళ పెరట్లోనే ఉంటుంది. అక్కడ సత్య ట్రైనీగా చేరింది. కొత్తగా చేరిన పిల్లల ఇళ్ళవాళ్ళను ఒకరోజు పిలిచి, భోజనం పెట్టి, ఫోటో తీసి పంపిస్తారట. ఆ తర్వాతే ఎవరి ఉద్యోగం ఖాయమో చెప్తారట. ఆ కాలనీ పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంది. మా అత్త నోటికి తిరగక, గేటు మీద గేటుందని సత్య చెప్పింది విని, 'గేటూరు' అని పెట్టేసింది.

వీధివాళ్ళకు అదొక షికారు. మా అత్తకు కాదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అత్త పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ చిత్తాళు పనికి, అంటే మేస్త్రీల కింద మోత కూలికి పోతోంది. తలమీద చుట్టకుదురు, దాని మీద కాంక్రీటు బొచ్చె, సారవ పలక మీద చెప్పుల్లేని కాళ్ళు. ధర్మపురిలో, హోసూరులో, బెంగుళూరులో ఆమె మోసిన మేడలు ఎన్నో ఆమెకే తెలియదు. మేస్త్రీలు ఆమెను చూస్తే దారి మారుస్తారు. కూలి తక్కువిచ్చినవాణ్ణి వాడి పెళ్ళాం ముందే నిలబెట్టి అడుగుతుంది. ఇప్పటికీ పని దొరికితే వదలదు. ఇంట్లో కూర్చోమంటే, "కూర్చోని మీ ముఖాలు చూస్తా ఉండాల్నా?" అంటుంది.

ఇంత మనిషి, సముద్రం మాత్రం చూడలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అందరూ కలిసి సముద్ర స్నానానికి పోయినప్పుడు ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండిపోవలసి వస్తుంది కదా. పోయినవాళ్ళు వాళ్ళ కోసం ఒక సీసాలో సముద్రం నీళ్ళు తెస్తారు. మర్నాడు పొద్దున్నే ఆ మనిషిని తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి, ఆ నీళ్ళు తలమీద చల్లి, "నువ్వూ పోయినట్టే లెక్క" అంటారు. అంతే, పుణ్యం సమానంగా పంచినట్టు.

మా అత్త ఆ పీట మీద మూడుసార్లు కూర్చుంది.

మొదటిసారి వీధి వీధంతా రామేశ్వరం బయలుదేరింది. బట్టలు మూట కట్టుకున్న సాయంత్రమే అత్తకు నొప్పులొచ్చాయి. పుట్టినవాడు మా ఆయన మాదేశ్. రెండోసారి తిరుచెందూరు. ఆవు ఈనేలా ఉంది, ఎవరో ఒకరు ఉండాలన్నాడు మా మామ వడివేలు. ఎవరో ఒకరంటే ఎవరో అందరికీ తెలుసు. మూడోసారి కూలీల సంఘం వాళ్ళు లారీల్లో చెన్నై తీసుకెళ్ళారు, మీటింగు అయ్యాక మెరీనా చూపిస్తామన్నారు. సరిగ్గా ఆ రోజే మేడకు స్లాబు పోశారు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. చేతులు తక్కువయ్యాయని మేస్త్రి బతిమాలాడు. ఆమె ఉండిపోయింది, మామ పోయాడు. మూడుసార్లూ పోయొచ్చింది మామే, సీసా తెచ్చింది మామే, తలమీద చల్లింది మామే.

మూడోసారి చల్లించుకుంటూ అత్త అందట: "మీరు పోతే నేను పోయినట్టే లెక్క. సరి. రేపట్నించి నేను తింటా, మీరు తిన్నట్టే లెక్క." ఆ రోజు ఇంట్లో ఎవరికీ వండలేదట. మా ఆయన ఇప్పటికీ ఆ ఆకలి తలుచుకుని పొట్ట నిమురుకుంటాడు.

సరే, ఇప్పుడు ఆదివారం ప్రయాణం అనేసరికి శనివారం మధ్యాహ్నం మామ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "నల్ల మేక రేపో మాపో ఈనేట్టుండాది. ఎవరో ఒకరు ఉండాల."

మా ఆయన పైకప్పు వైపు చూశాడు. అత్త పులిహోరకు చింతపండు నానేస్తోంది. తల కూడా తిప్పలేదు.

"అవును, ఎవరో ఒకరు ఉండాల" అంది. "నువ్వుండు."

మామ లేచి దొడ్లోకి పోయాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అత్త మీద నాకు ఎన్ని కోపాలున్నా, ఆ ఒక్క మాటకు అన్నీ మాఫీ చేసేశాను.

ఆ సాయంత్రం సత్య ఫోన్ చేసింది. "అవ్వా, ఈడ అందరూ పెద్దపెద్దోళ్ళు. నువ్వు ఎవర్నీ ఏమీ అనొద్దు. నా పేరు చెడిపోతాది."

"నేనేమంటానే? అరవంలో ఒక్క మాటన్నా ఎత్తితే నన్ను అడుగు!" అని ఒట్టేసింది అత్త. ఆ ఒట్టు ఆమె తప్పలేదు. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

మా తెలుగు సంగతి మీకు తెలియాలి. తమిళనాడులో పుట్టి పెరిగిన మాకు అది ఇంట్లో మాట. గడప దాటితే తమిళం. సంతలో మేకపిల్లను బేరం చేసేటప్పుడు అమ్మేవాడితో తమిళంలో, మాలో మాకు తెలుగులో. "కాలు కొంచెం వంకరగా ఉండాది, తగ్గించి అడుగు" అని వాడి ముక్కు ముందే నిలబడి చెప్పుకుంటాం. బస్సులో, ఆసుపత్రిలో, పెళ్ళిపందిట్లో, ఎవడి ముఖం మీద ఏమున్నా మేం హాయిగా మాట్లాడుకుంటాం. ఆంధ్రా అని ఒకటుందని, అక్కడ కోట్లమంది ఇదే మాట్లాడతారని మాకు తెలియక కాదు. టీవీలో చూస్తూనే ఉంటాం. కానీ అలవాటు ఉంది చూశారూ, అది టీవీ చూడదు. గడప దాటాక తెలుగంటే మాకు చీరకొంగు చాటు లాంటిది.

ఆదివారం కోడి కూయకముందే వ్యానెక్కాం. అత్త ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుంది. ఆకుపచ్చ పట్టు అంచు చీర, మొన్న దీపావళిది, మడత విప్పని వాసన. ఒడిలో గుడ్డసంచి, సంచిలో ఖాళీ ప్లాస్టిక్ బాటిల్. ఊత్తంగరై దాటేలోపే డ్రైవరుకు తన జీవితమంతా చెప్పేసింది. తిరువణ్ణామలై కొండ కనిపించగానే అందరి చేతా దండం పెట్టించింది. సెంజి కోట కింద చెట్టు నీడన ఆపి పులిహోర తిన్నాం. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే, "ఎంతసేపే తినేది! కడలు ఎండిపోతాది!" అని తొందరపెట్టింది.

మరక్కాణం దగ్గర ఉప్పు కుప్పలు కనిపించాయి. తెల్లగా, వరసగా, పొలం నిండా. వాటి పక్కన మడుగుల్లో నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నాయి. అత్త వ్యాను ఆపించింది. దిగి, నడుము మీద చేయి పెట్టుకుని చూసింది. ముఖం కొంచెం వాడింది.

"ఇదేనా? మన తుంబలహళ్ళి డ్యామే ఇంకా పెద్దదిగా ఉండాదే."

"అమ్మా, ఇది ఉప్పు మళ్ళు. కడలు ఇంకా అటుపక్క" అని మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మరి చెప్పవేం రా! నా పానం పోయింది!" అని కొడుకు వీపు మీద ఒక్కటిచ్చి వ్యానెక్కింది. వాళ్ళిద్దరూ నవ్వుతుంటే నాకూ నవ్వాగలేదు. పెళ్ళయ్యాక మా ఆయన నవ్వుతూ తన్నులు తినడం నేను చూడటం అదే మొదటిసారి.

గేటూరు నిజంగా గేటూరే. ఒక గేటు దగ్గర వ్యాను నంబరు రాసుకున్నారు. రెండో గేటు దగ్గర మా మెడల్లో నీలంరంగు దారంతో అట్టముక్కలు వేశారు, వాటి మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. మూడో గేటు దగ్గర సంచి వెతికి, ఖాళీ బాటిల్ ఎందుకని అడిగారు. అత్త ఒట్టు గుర్తుపెట్టుకుని నోరు మూసుకుని నా వైపు చూసింది. "దాహానికి" అన్నాను నేను. ఖాళీ బాటిల్‌తో దాహం ఎలా తీరుతుందో వాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లోపల రోడ్లు మా ఇంటి నేలకన్నా శుభ్రంగా ఉన్నాయి. తెల్లటి ఇళ్ళు, ఎర్రటి కాగితం పూలు, ఎక్కడా ఒక మనిషి గొంతు లేదు. సత్య ఎదురొచ్చింది. నల్ల కోటు, జుట్టు ముడి, గుండె మీద పేరు. నా బిడ్డేనా అనిపించింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. అత్త ఆ కోటు పట్టుకుని, గుండీలు లెక్కపెట్టి, "మాదేశూ, చూడరా, కలెక్టరు మాదిరి ఉండాది!" అంది.

సత్య ముఖంలో మాత్రం నవ్వు అతికించినట్టుంది. నన్ను పక్కకు లాగింది. "అమ్మా, ఒక తప్పయిపోయింది. పోయిన నెల కాలనీ కమిటీవాళ్ళు కొత్త రూల్ పెట్టినారంట. వచ్చినోళ్ళు పచ్చిక దాకానే రావాల. ఆ తాడు దాటి కడలు దిక్కు పోకూడదు. నాకు ఇప్పుడే మేనేజరు చెప్పినాడు."

"అయితే అవ్వకు ఎవరు చెప్పేది?"

"నువ్వే" అని, భోజనాల హాల్లో డ్యూటీ ఉందని పరుగెత్తింది. పిల్లల్ని కంటే ఇదీ లాభం.

పచ్చిక చివర పూలకుండీల మధ్య తెల్లటి లావు తాడు కట్టి ఉంది. తాడు పక్కన ఒక కుర్ర వాచ్‌మన్. ఇటువైపు ఒక తాటాకు గొడుగు కింద ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఇంగ్లీషు పేపరు చదువుకుంటోంది. పొడుగాటి పూల గౌను, గడ్డి టోపీ, కుర్చీకి ఆనించిన చేతికర్ర. తాడుకు అటువైపు ఇసుక. ఇసుకకు అటువైపు...

అత్త నిలబడిపోయింది.

"అమ్మో" అంది. "అమ్మో, అమ్మో! దుక్కి దున్నిన చేను లేచి నడిచొస్తా ఉండాదే! మాదేశూ, దానికి అంచు యాడరా? అంచే లేదే!"

నా చేయి పట్టుకుని చిన్నపిల్లలా ఊపేసింది. నేనూ ఒకసారి చూసినదాన్నే, అయినా ఆమె పక్కన నిలబడి చూస్తుంటే నాకూ ఒళ్ళు జలదరించింది. ఆమె చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎగదోపి, సంచిలోంచి బాటిల్ తీసి బయలుదేరింది. అప్పుడు చెప్పాను. చెప్పక తప్పుతుందా? తాడు, రూలు, సత్య ఉద్యోగం, అన్నీ.

అత్త ముఖంలో ఎండ పోయింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఒట్టు ప్రకారం తమిళంలో ఒక్క మాటా అనలేదు. అంతా శుద్ధమైన తెలుగులోనే అంది.

"కడలుకు తాడు కడతారా? వీళ్ళ అబ్బ తవ్వించినాడా దీన్ని? చూడు, ఆ యమ్మను చూడు. పట్టపగలు నైటీ ఏసుకోని కూర్చోనుండాది. జుట్టుకు రంగు చూడు, తారు రోడ్డు మాదిరి. ఇంత కడలు ముందర పెట్టుకోని కాగితం చదువుతా ఉండాదే! దేవుడు పండ్లు లేనోళ్ళకే చెరుకు ఇస్తాడు పో!"

"మెల్లగా మా" అన్నాడు మా ఆయన.

"ఏంటికి మెల్లగా? వాళ్ళకేం తెలుసు!"

అది నిజమేనని మేమిద్దరమూ తలూపాం. నేను ఇంకో మాట కూడా చేర్చాను. "ఆ టోపీ చూడత్తా, మన దొడ్లో కోళ్ళగంప మాదిరి ఉండాది." దేవుడా, నాకు ఆ మాట ఎందుకు?

అత్త ఇసుక వైపు, వాచ్‌మన్ వైపు, కాగితం పూల కంచె వైపు ఒక చూపు చూసింది. సారవ మీద బొచ్చెలు అందించే వరస కుదిర్చేటప్పుడు చూస్తుందే, అలా.

"ఇట్ల చేస్తాము. మాదేశూ, నువ్వు పోయి ఆ వాచ్‌మన్‌తో మాట పెట్టుకో. చిత్రా, నువ్వు కళ్ళు తిరిగినట్టు ఈడ పడిపో. అందరూ నీ దగ్గరికొస్తారు. ఆ పూలచెట్ల పక్కన కంచె తగ్గుగా ఉండాది, నేను అట్ల దూరి పోయి, కాలు తడుపుకోని, బాటిల్ నింపుకోని వచ్చేస్తా. పాప పేరు బయటికే రాదు."

"నేనేంటికి పడాల? మీరు పడండి!"

"నేను పడితే నన్ను ఆసుపత్రికి మోసుకుపోతారే. కడలుకు ఎవరు పోతారు, మీ అమ్మా?"

అందులో న్యాయం ఉంది. మా ఆయన బీడీకి నిప్పు అడిగే వంకతో వాచ్‌మన్ దగ్గరికి పోయాడు. ఆ కుర్రాడు ఎందుకో పెదవులు బిగపట్టి ఆకాశం చూస్తున్నాడు. అత్త కాగితం పూల వైపు జరిగింది. నేను నుదుటి మీద చేయి పెట్టుకుని, అమ్మా అని మూలిగి, మోకాళ్ళు వంచాను.

"పడితే పడ్డావు గానీ, ఆ నీళ్ళ పైపు మీద పడబాకమ్మా. నిన్ననే కొత్తది వేయించాం" అంది పేపరు వెనక నుంచి ఒక గొంతు.

తెలుగులో.

నేను సగం వంగి అలాగే ఉండిపోయాను. పడాలో లేవాలో తెలియలేదు.

"ఓ పెద్దమ్మా, మీరు అటు పోబాకండి. ఆ కంచెకు కరెంటు పెట్టారు" అని ఆవిడ పేపరు కిందికి దించింది. వాచ్‌మన్ ఇక ఆపుకోలేక తాడు పట్టుకుని వంగి వంగి నవ్వాడు. "మాది ఇచ్ఛాపురం అమ్మా, ఇందాకట్నించి నవ్వు ఆపుకోలేక సచ్చిపోతన్నాను" అన్నాడు. మా ఆయన బీడీ కింద పడిపోయింది. మా ఇంటి మాట, మా చీరకొంగు, నట్టనడి పచ్చికలో జారిపోయింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆవిడది నెల్లూరట. పేరు సౌభాగ్యమ్మ. ఆ కాలనీ కమిటీకి పెద్ద. తాడు కట్టించింది ఆవిడే. ఇవన్నీ వాచ్‌మన్ నవ్వు మధ్యలో చెప్పాడు.

"ఎవరి తాలూకు మీరు?" అని అడిగింది సౌభాగ్యమ్మ. ముఖంలో నవ్వు లేదు.

అత్త గడ్డం ఎత్తింది. "ఎవరి తాలూకూ కాదు. దారి తప్పి వచ్చినాము."

"మూడు గేట్లు దాటి దారి తప్పారా? మీ మెడలోనే రాసుందే, సత్య కుటుంబమని."

అత్త ఆ అట్టముక్క వైపు చూసుకుంది. గబుక్కున కొంగు కప్పుకుంది. ఎంతటి మేస్త్రికీ తల వంచని మనిషి, నేను చూస్తుండగా ఆవిడ ముందు రెండు చేతులూ జోడించింది.

"పాప పేరు ఎత్తొద్దు తల్లీ. దానికేం తెలీదు. నోరు నాది. తాడు దాటలేదు, దాటను. నాకు కడలూ వద్దు, ఏమీ వద్దు. మేం పోతాము." అని వాచ్‌మన్ వైపు తిరిగి బాటిల్ చాపింది. "నాయనా, నువ్వు అటు పోయినప్పుడు ఇందులో ఇన్ని నీళ్ళు పట్టియ్యి. చాలు. నాకు అలవాటే."

ఆ 'అలవాటే' అన్న మాట వినగానే నాకు ఎక్కడలేని కోపమూ వచ్చేసింది. ఆవిడ మీదా, తాడు మీదా, మా మామ మీదా, ఆ నల్ల మేక మీదా. సత్య చెప్పిన జాగ్రత్తలన్నీ గాలికి పోయాయి.

"ఏం అలవాటు? ఎన్నిసార్లు?" అని అరిచాను. "అమ్మగారూ, కోళ్ళగంప అనింది నేను, తిట్టాలంటే నన్ను తిట్టండి. ఈమె బతుకంతా ఊళ్ళోవాళ్ళ మేడలు మోసింది. మూడుసార్లు మా ఇంట్లో అందరూ కడలుకు పోతే మూడుసార్లూ ఈమెను వదిలేసి పోయినారు. ఒకసారి బిడ్డ, ఒకసారి ఆవు, ఒకసారి స్లాబు. సీసాలో నీళ్ళు తెచ్చి తలమీద చల్లి, పోయినట్టే లెక్క అన్నారు. ఈసారి కూడా చల్లించుకోనే పోవాల్నా? ఇంత దూరం వచ్చి?"

మా ఆయన తల దించుకున్నాడు. తన పుట్టుక కూడా ఆ జాబితాలో ఉందని ఆయనకు ఎవరూ అంత గట్టిగా చెప్పినట్టు లేదు.

సౌభాగ్యమ్మ అత్త చేతిలో బాటిల్ వైపు చూసింది. పేపరు నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పెట్టింది.

"రూలు నేను పెట్టిందే. మార్చను" అంది. "వచ్చిపోయేవాళ్ళు ఒంటరిగా దిగకూడదు, ఇంటి సొంతదారు వెంట ఉంటే దిగవచ్చు. అదీ అందులోనే రాశాం. కానీ నేనే రాలేను. మోకాలు కోసి కుట్టినప్పటి నుంచి ఇసుకలో కాలు పెట్టలేదు. పడతానని మా పిల్లలు పంపరు. ఇక్కణ్ణుంచి చూస్తా, అంతే."

"చూస్తే తడుస్తాదా?" అంది అత్త వెంటనే. జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో విడిపోయాయి. "లెయ్యి. నడవలేకపోతే మోస్తా. జల్లిరాళ్ళు మోసినాను, ఇసక మోసినాను, నువ్వొక లెక్కా!"

ఆవిడ కర్ర అందుకోబోతే అత్త ఆ కర్రను నా చేతిలో పెట్టి, ఆవిడ చంకలో తన భుజం దూర్చింది. వాచ్‌మన్ తాడు విప్పాడు. ఇద్దరూ ఇసుకలోకి దిగారు. వెనక మేము, ఏ క్షణం ఏమవుతుందోనని చేతులు చాపుకుని.

"ఇందాక నా జుట్టు గురించి ఏమన్నారు మీరు?" అంటోంది సౌభాగ్యమ్మ, ఆయాసపడుతూ.

"తారు రోడ్డు మాదిరి ఉండాదంటిని."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అట్లే ఉండాది. రంగు మార్చు తల్లీ. కాలు ఎత్తి పెట్టు, ఈడ మెత్తగా ఉండాది."

తడి ఇసుక దగ్గర ఇద్దరూ ఆగారు. ఒక అల వచ్చి దగ్గరదాకా పాకి, వెనక్కి పోయింది. అత్త ముందుకు వంగి, "దా! ఏం బయపడతావు, దా!" అని దాన్ని పిలిచింది. రెండో అల పిలిచినట్టే వచ్చింది. మోకాళ్ళ దాకా కొట్టింది. అత్త కేక మూడు గేట్లూ దాటి ఉంటుంది. పట్టు అంచు చీరతో సహా అక్కడే నీళ్ళలో కూర్చుండిపోయింది. ఆమె భుజం పట్టుకుని ఉన్న సౌభాగ్యమ్మ కూడా పూల గౌనుతో పక్కనే కూలబడింది. చూస్తే ఆవిడ నవ్వుతోంది. టోపీ కొట్టుకుపోతుంటే వాచ్‌మన్ వెంటపడ్డాడు. అత్త రెండు చేతులా నీళ్ళు తోడుకుని తన నెత్తి మీద తనే పోసుకుంటోంది. మళ్ళీ, మళ్ళీ. మా ఆయన లుంగీ ఎగ్గట్టి పరుగెత్తి పోయి తల్లి పక్కన కూర్చున్నాడు. నేనూ పోయాను. కర్ర ఎక్కడ పారేశానో నాకు తెలియదు.

ఆ గోలకు సత్య హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది. నీళ్ళలో కూర్చున్న అవ్వను చూసింది, అవ్వ భుజానికి ఆనుకుని ఉన్న కమిటీ పెద్దను చూసింది. ముఖం తెల్లబోయింది.

"పాపా, దా!" అని అత్త అరిచింది. "ఎవురూ ఏమీ అనరు! ఈ యమ్మ మనోళ్ళే!"

సత్య నా వైపు చూసింది, నేను తలూపాను. బూట్లు విప్పింది. కోటుతోనే వచ్చేసింది.

తర్వాత భోజనాలయ్యాయి, ఫోటో తీశారు. ఆ ఫోటోలో మిగతా కుటుంబాలన్నీ ఇస్త్రీ మడతల్లో ఉంటాయి, మేము మాత్రం వానలో తడిసిన కోళ్ళలా ఉంటాం. సత్య ఉద్యోగం ఖాయమైంది. సౌభాగ్యమ్మ అందులో వేలు పెట్టలేదని సత్య గట్టిగా చెప్తుంది, దాని పని చూసే ఇచ్చారని. నేను నమ్ముతాను. ఆవిడ జుట్టుకు రంగు మానేసిందని కూడా సత్యే చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అత్త బాటిల్ నిండా నీళ్ళు పట్టుకుని, మూత బిగించి, ఒడిలో పెట్టుకుని ఒళ్ళెరగక నిద్రపోయింది. తిండివనంలో టీ తాగడానికి లేపితే, టీ కొట్టువాణ్ణి ఎగాదిగా చూసి, "నీకు తెలుగొస్తాదా?" అని ముందు అడిగింది. వాడు అర్థం కాక దిక్కులు చూశాడు. అప్పుడు మాతో, "టీ కాదిది, కుడితి" అంది.

మర్నాడు పొద్దున నల్ల మేక పక్కన రెండు పిల్లలున్నాయి. మామ రాత్రంతా మెలకువగా ఉన్నట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్త వాకిట్లో పీట వేసింది, తూర్పు ముఖంగా.

"నాకేంటికే ఇవన్నీ? నేను చూసినోడినే కదా" అన్నాడు మామ.

"కూసో."

కూర్చున్నాడు. ఆమె మూత తీసింది. చల్లలేదు, సగం బాటిల్ ఒక్కసారే నెత్తి మీద వంచేసింది. నీళ్ళు మీసాల మీదుగా కారి ఒళ్ళోకి పోయాయి. మామ పెదవి నాక్కుని, "ఉప్పు" అన్నాడు.

"నువ్వూ పోయినట్టే లెక్క" అంది అత్త. అని ముందుకొచ్చి, నడుము మీద చేయి పెట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు చెప్పు. పోయొచ్చినట్టు ఉండాదా?"

మామ ముఖం తుడుచుకుంటూ ఆమెను చూశాడు.

"లేదు సెల్లా" అన్నాడు.

"నాకూ ఎప్పుడూ లేదు" అని, సగం మిగిలిన బాటిల్ ఆయన చేతిలో పెట్టి, అత్త మేకలు విప్పడానికి పోయింది.